పదకొండు వారాల మాట

పద్నాలుగో భాగం

ఎక్కడ ఆపాం? ఇషెనాలి చేతిలో పాత అట్ట ఒకటి ఉండగా ఆపాం.

మరిచిపోయినవాళ్ళకీ, ఈ వారమే పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్ళకీ నాలుగు ముక్కలు. గని ఊరికి పైన, అక్రోటు చెట్ల వాలులో, సోవియట్ యూనియన్ ఉన్న రోజుల్లో గనివాళ్ళ కోసం కట్టిన శానిటోరియం ఉంది. గోడలకు సున్నం లేదు, పైపుల్లో నీళ్ళు లేవు, కానీ డాక్టరు ఉన్నాడు. సవేలీ మార్కోవిచ్. ఏటా అక్రోట్లు రాలే రోజుల్లో ఆయన తొమ్మిదిమందినో పదిమందినో నత్తివాళ్ళను చేర్చుకుంటాడు. పది రోజులు వాళ్ళు నోరు విప్పకూడదు. రోజుకు రెండుసార్లు మంచాల మీద పడుకోబెట్టి, చేతులు బరువెక్కుతున్నాయనీ గొంతు వెచ్చబడుతోందనీ మెల్లగా చెబుతూ మగతలోకి దించుతాడు. పదకొండో రోజు మధ్యాహ్నం ఊళ్ళో క్లబ్బు హాలులో, జనం కిక్కిరిసి ఉండగా, ఒక్కొక్కరినీ స్టేజి మీద నిలబెట్టి, కళ్ళలోకి చూసి, గొంతు మీద వేలు పెట్టి "మాట్లాడు!" అంటాడు. మాట్లాడతారు. హాలంతా ఏడుస్తుంది.

ఆ వేలు పెట్టేముందు, అందరికీ నమ్మకం కుదరడానికి, బాగుపడిన మనిషి ఒకడు స్టేజి ఎక్కి ఏడు నిమిషాలు మాట్లాడతాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ మనిషి ఇషెనాలి. గనిలో హాజరు గుమాస్తా. పంతొమ్మిదో ఏట ఆ స్టేజి మీదే మాట వచ్చినవాడు. ఈ ఏడు ఆ తొమ్మిదిమందిలో అతని కూతురు సైరాగుల్ ఉంది. రేపు మధ్యాహ్నమే.

కూతురిది ఏ గదో చూద్దామని ఆఫీసు బీరువా తీస్తే, రోగుల వివరాలు రాసే అట్టల్లో అతనికి తన అట్టే దొరికింది. ఎర్ర సిరాతో "నయమైంది" అని ఉంది. ఆ ఒక్క మాట మీదే అతని ఉద్యోగం, పెళ్ళి, ఊళ్ళో మర్యాద అన్నీ నిలబడ్డాయి. దాని కింద పెన్సిలుతో, డాక్టరు చేతిరాతలో, ఇంకో ముక్క: "పదకొండు వారాలకు తిరగబెట్టింది. దాచుకుంటున్నాడు."

ఆ సంగతి భూమ్మీద తనొక్కడికే తెలుసనుకున్నాడు ఇషెనాలి.

*

మార్కోవిచ్ వెనక వరండాలో ఉన్నాడు. రేకు తొట్టిలో వేన్నీళ్ళు పోసుకుని కాళ్ళు రెండూ అందులో పెట్టుకుని కూర్చున్నాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. స్టేజి మీద నల్లకోటులో చూసినవాళ్ళు ఈ చిరుగుల బనీనులో చూస్తే గుర్తుపట్టరు.

"నీళ్ళలోకి ఆవాల పొడి తెమ్మంటే ఆ నర్సు రైసా ఇంకా రాలేదు" అన్నాడు తల ఎత్తకుండా. "నువ్వు తెచ్చావా?"

ఇషెనాలి అట్ట తీసి ఆయన ఒళ్ళో పడేశాడు.

డాక్టరు కళ్ళజోడు కోసం అటూ ఇటూ తడుముకున్నాడు. అది నుదుటి మీదే ఉంది. దించుకుని చదివాడు. చదవడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు, అయినా చాలాసేపు చదివాడు.

"బీరువాకి తాళం వెయ్యవే అని రైసాతో పదేళ్ళుగా మొత్తుకుంటున్నా" అన్నాడు చివరికి.

"మీ... మీకు..."

ఇలాంటి చోట ఇషెనాలి దగ్గుతాడు. లేదంటే సిగరెట్టు వెలిగిస్తాడు. అదీ కాకపోతే ఆ మాట వదిలేసి పక్క మాట పట్టుకుంటాడు. ఇరవై ఆరేళ్ళుగా అతని బుర్ర ఆ ఒక్క పనికే అరిగిపోయింది. రాబోయే మాట కష్టమా తేలికా, కష్టమైతే ఎటునుంచి తప్పుకోవాలి. ఇవాళ తప్పుకునే ఓపిక కూడా లేదు.

"మీకు తె... తె... తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పన్నెండో వారం నుంచి. స్టేషన్లో టిక్కెట్ల లైన్లో నీ వెనకే నిలబడ్డాను. నీ వంతొచ్చింది. ఏ ఊరికో చెప్పలేక వెనక్కి తిరిగి వెళ్ళిపోయావు. నన్ను చూళ్ళేదు."

ఇషెనాలికి ఆ రోజు గుర్తుంది. కిటికీ అవతలి మనిషి "ఎక్కడికయ్యా? ఎక్కడికో చెప్పు, వెనక జనం ఉన్నారు" అనడం గుర్తుంది. వెనక నిలబడ్డ జనంలో ఎవరున్నారో మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"మరి మ... మళ్ళీ ఏడు నన్నెందుకు ఎక్కించారు స్టేజి?"

"రమ్మని కబురు పెడితే వచ్చావు గనక. రానంటే వదిలేద్దామనుకున్నా. నువ్వు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చావు." మార్కోవిచ్ ఒక కాలు తీసి తొట్టి అంచు మీద పెట్టుకున్నాడు. "స్టేజి మీద నువ్వు చెప్పే ముక్కని నేనే తిరగరాసిచ్చాను కూడా. రెండో ఏడు. గుర్తుందా? కథలు పాడేవాళ్ళ బాణీలో లయ కట్టి ఇచ్చాను. పాడేటప్పుడు నత్తి రాదు. నీకు అడ్డంపడే మాటలన్నీ బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి పారేశాను. ఎందుకు ఏరుతున్నానని నువ్వు అడగలేదు. నేనూ చెప్పలేదు."

"అంటే నేను మిమ్మల్ని మో... మోసం చేస్తున్నానని ఇన్నేళ్ళూ కుమిలి చస్తుంటే..."

"నన్నెక్కడ చేశావు? మనిద్దరం కలిసి ఊరిని చేశాం. నాకు తెలుసు, నీకు తెలీదు. అంతే తేడా."

వరండా కింద అక్రోటు కాయ ఒకటి రాలి రేకు మీద దొర్లింది. ఇద్దరూ అటు చూశారు. చూడ్డానికి అక్కడ ఏమీ లేదు, కానీ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉండడానికి ఏదో ఒకటి కావాలి కదా.

"ఎంతమందికి నిలుస్తుంది?" అన్నాడు ఇషెనాలి.

"పదిమందిలో ఇద్దరికి. ఒక్కో ఏడు ముగ్గురికి. తక్కినవాళ్ళకి కొన్ని వారాలు. కొందరికి స్టేజి మెట్లు దిగేదాకా."

"ఆ ఇద్దర్లో ఒకణ్ణి నిలబెట్టొచ్చుగా!"

"వాళ్ళు రారు ఇషెనాలీ. మాట నిజంగా వచ్చినవాడు మళ్ళీ ఈ గడప తొక్కుతాడా? ఏ సంతలోనో గొర్రెల బేరం ఆడుకుంటూ ఉంటాడు. నా పేరు కూడా మరిచిపోయి ఉంటాడు. ఏటేటా వచ్చేది నీలాంటివాడే."

ఇషెనాలికి మొహం మీద కొట్టినట్టయింది. కోపం రావలసిన చోటే కోపం రాలేదు. వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

"నా పిల్లకి చె... చెప్పేస్తాను."

"చెప్పు."

"వద్దనరా?"

"వద్దని ఎవరికి చెప్పగలను, ఈ తొట్టిలో కాళ్ళు పెట్టుకుని?" డాక్టరు నవ్వబోయి మానుకున్నాడు. "ఒక్కటి మాత్రం తెలుసుకుని చెప్పు. ఈ వైద్యంలో మందు లేదు, సూది లేదు. నమ్మకమే మందు. నువ్వు నోరు విప్పిన క్షణంలో ఆ పిల్లకి నీకు దొరికిన పదకొండు వారాలు కూడా దొరకవు. నేను రేపు ఆ గొంతు మీద వేలు పెడితే అది ముసలాడి వేలులాగే ఉంటుంది. చెప్పకపోతే పన్నెండో వారం నీకేమైందో దానికీ అవుతుంది. రెండూ చెడ్డవే. ఏది తక్కువ చెడ్డదో నలభై ఏళ్ళుగా నేను తేల్చుకోలేకపోయాను. నువ్వు సాయంత్రంలోగా తేల్చుకో."

ఇంకో కాలు కూడా బయటికి తీసి, "ఆ పదకొండు వారాలూ రాకుండా ఉంటే బాగుండేదని ఎప్పుడైనా అనుకున్నావా నువ్వు?" అని అడిగాడు.

ఇషెనాలి లేచి భోజనాల గది వైపు నడిచాడు.

*

ఆ పదకొండు వారాల్లో అతనేం చేశాడో ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చివాడంటారు.

చేతికి గడియారం ఉండగానే రోడ్డు మీద కనబడినవాణ్ణల్లా టైము అడిగాడు. రొట్టెల దుకాణంలో వేలు చూపించకుండా, "ఆ నువ్వుల రొట్టె కాదమ్మా, దాని పక్కది, అంచు మాడనిది" అని పేరుపెట్టి అడిగి కొన్నాడు. బస్సు కండక్టరుతో కావాలని గొడవ పెట్టుకుని, గొడవలో గెలిచి, దిగాల్సిన చోట దిగడం మరిచిపోయాడు. ఎనిమిదో వారంలో ఆస్పత్రి గోడ పక్కన బురుల్ అనే పిల్లని ఆపి, తనని చేసుకుంటావా అని ఒక్క వాక్యంలో అడిగాడు. ఆమె, అంత చక్కగా అడిగినవాడు ఇంతవరకూ ఎవడూ లేడంది. తొమ్మిదో వారంలో గనిలో గుమాస్తా పని ఇచ్చారు.

పన్నెండో వారం స్టేషను.

ఆ తర్వాత ఇషెనాలి మాటలు తగ్గించేశాడు. దానికి ఊరు వేరే పేరు పెట్టుకుంది. తూకం వేసి మాట్లాడే మనిషి అంది. విందుల్లో పైచోట కూర్చోబెట్టి, పెద్దలకు మర్యాదగా పెట్టే గొర్రె తలకాయ అతని ముందు పెట్టడం మొదలుపెట్టారు. సంబంధాలు మాట్లాడ్డానికి వెంట తీసుకెళ్ళారు, ఎందుకంటే అతను అక్కడ కూర్చుని తల పంకిస్తే ఎదుటివాళ్ళు తమ మాట తామే తగ్గించుకుంటారు. భోజనాల చివర అరచేతులు చాచి దీవించమంటే ఒకే ఒక్క దీవెన, లయ కట్టినది, పాడినట్టు చెబుతాడు. ముసలమ్మలు కళ్ళు తుడుచుకుంటారు. నోరు పెగలనివాణ్ణి పెద్దమనిషిని చేసి కూర్చోబెట్టారు మా వాళ్ళు. మాట్లాడేవాళ్ళు ఎక్కువైపోయిన ఊళ్ళో అంతకన్నా ఏమవుతుంది?

ఇషెనాలి వెళ్ళేసరికి భోజనాల గదిలో తొమ్మిదిమందీ బల్ల చుట్టూ కూర్చుని సూపు తాగుతున్నారు. చెంచాల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ చప్పుడు పైన రైసా గొంతు. ఏటా ఈ పది రోజులూ రైసా నర్సుకి పండగ. తొమ్మిదిమంది వింటారు, ఒక్కరూ ఎదురు చెప్పరు.

"తినండర్రా, తినండి. రేపట్నుంచి మీరూ మా ఆయనలాగే వాగుతారు, అప్పుడెవరు పెడతారు మీకు? ఆ ఉప్పు ఇటివ్వు బాబూ. ఇవ్వు అంటే తల ఊపుతావేంటి, ఇవ్వు! ఏంటన్నా, రేపటి ముక్క బాగా వచ్చిందా? నాకు కంఠతా వచ్చేసింది, నువ్వు రాకపోతే నేనెక్కేస్తా."

"పి... పిల్లతో కాస్త పనుంది."

ఆమెకి ఆ తడబాటు వినపడలేదు. రైసాకి ఎవరి మాటా వినపడదు.

"తీసుకెళ్ళు. పలకరించు గానీ పలికించకు. ఆ ఒక్క దగ్గర మా డాక్టరు ముసలాయన రాయి. పోయినేడు మేయరు గారి తమ్ముడు నిద్రలో కలవరించాడని పెట్టె సర్దించి పంపేశాడు. నిద్రలోనయ్యా! నేనే విన్నా, నేనే చెప్పా. పాపం, వాళ్ళావిడ పేరు కూడా కాదు అతను కలవరించింది."

సైరాగుల్ లేచింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. మెళ్ళో దారానికి పెన్సిలు, జేబులో చిన్న నోటుపుస్తకం. పది రోజుల మౌనంలో ఆమె మొహం నున్నబడింది. ఎప్పుడూ దవడ దగ్గర ఉండే బిగువు పోయింది. అది చూసి ఇషెనాలి గుమ్మంలోనే ఆగిపోయాడు. చెప్పకుండా వెళ్ళిపోదామా అనిపించింది. కానీ ఆమె అప్పటికే దుప్పట్లు ఆరేసే గది వైపు నడుస్తోంది.

*

తడిదుప్పట్లు తీగల మీద వరసగా వేలాడుతున్నాయి. మూల బాయిలరు మూలుగుతోంది. తలుపు దగ్గరికి వేసి, ఇషెనాలి ఒక బకెట్టు బోర్లించి కూర్చున్నాడు.

"రేపు నేను స్టేజి మీద చెప్పేది వి... విని నమ్మకు."

ఆమె కదల్లేదు.

"నాకు న... నయం కాలేదు. పదకొండు వారాలే. తర్వాత మళ్ళీ... చూ... చూస్తున్నావుగా. డాక్టరుకీ తెలుసు. నీ కళ్ళ ముందు ఇంతకాలం వే... వే..." ఆ మాట రాలేదు. అతను వేరే మాట వెతుక్కోలేదు. అది వచ్చేదాకా కూర్చున్నాడు. "వేషం వేశాను."

ఇంత పొడుగు మాట అతను కూతురి ముందు ఇలా, తన సొంత గొంతుతో, ఎప్పుడూ చెప్పలేదు. ఆమె ఏడుస్తుందనుకున్నాడు. లేదా పెట్టె సర్దుకుంటుందనుకున్నాడు.

సైరాగుల్ నోటుపుస్తకం తీసి ఒక్క మాట రాసి చూపించింది.

*తెలుసు.*

"ఏం తెలుసు?"

*నీకు నత్తి ఉందని. అమ్మకీ తెలుసు. నాకు ఆరేళ్ళప్పుడు చెప్పింది.*

"బురుల్‌కి తె... తెలుసా? మరి ఎప్పుడూ అనలేదే!"

పెన్సిలు చకచకా కదిలింది. *దుకాణానికి నిన్నెప్పుడైనా పంపిందా? ఫోను మోగితే ఎవరు పరిగెత్తుతారు? ఇంటికి కొత్తవాళ్ళొస్తే నీ బదులు ఎవరు మాట్లాడతారు?*

ఆ మూడు ప్రశ్నలకీ జవాబు బురులే. ఆమెకి నోరెక్కువ అని ఇషెనాలి వైపు చుట్టాల్లో ఒక మాట ఉంది. మగణ్ణి మాట్లాడనివ్వదని. అతనూ ఒకటి రెండుసార్లు ఆ మాట విని ఊరుకున్నాడు.

"అందరికీ తెలిస్తే ఇన్నాళ్ళూ ఎం... ఎందుకు ఊరుకున్నారు?"

*మాకు తెలుసని నీకు తెలియకూడదని.*

బాయిలరు ఒకసారి గట్టిగా మూలిగి సర్దుకుంది. ఇషెనాలి మొహం రెండు చేతులతో రుద్దుకున్నాడు. తన చుట్టూ ఇంతమంది ఇంత మెత్తగా అబద్ధం ఆడుతూ ఉంటే, అబద్ధం ఆడుతున్నవాడు తనొక్కడేనని గర్వపడ్డాడు. అదీ అతని బతుకు.

"మరి నమ్మకం లేకపోతే ఎందుకొచ్చావు? అమ్మ చెప్పిందని వచ్చావా? నత్తి పోతేనే చేసుకుంటామన్న ఆ పెళ్ళివారి కోసమా? వాళ్ళు కా... కాదంటే పోనీ. నత్తి పిల్లని చేసుకోనివాడు మనకెందుకు?"

సైరాగుల్ తల అడ్డంగా ఊపింది. రాసింది.

*పెళ్ళికి కాదు. సోమవారానికి.*

ఊళ్ళో సోమవారం అంటే ఇంకో అర్థం లేదు. సోమవారం పొద్దున గని ఆఫీసులో విచారణ.

నాలుగో గనిలో కప్పు కూలి మూడు వారాలైంది. ఆ సంగతి పాఠకులకు తెలుసు. పంపు దగ్గర పనిచేసే అషీమ్ ముసలాడు ఆ రోజు పైకి రాలేదు. గని ఆఫీసువాళ్ళు మాత్రం వచ్చాడంటున్నారు. కప్పు కూలేముందే పైకొచ్చి ఎటో వెళ్ళిపోయాడట. తాగుడు మనిషట. కింద ఎవరూ లేరు గనక తవ్వడం ఆపేశారు. అషీమ్ పెళ్ళాం రోజూ పొద్దున్నే గని గేటు దగ్గర చాప వేసుకుని కూర్చుంటోంది.

సైరాగుల్ గనిలో దీపాల గదిలో పని చేస్తుంది. దిగేవాడు తన ఇత్తడి బిళ్ళ ఆమెకిచ్చి దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపమిచ్చి బిళ్ళ తీసుకుంటాడు. నోటితో పని లేని ఉద్యోగమని ఇషెనాలే వేయించాడు.

ఆమె నోటుపుస్తకం అట్ట మడత విప్పి, అందులోంచి ఒక ఇత్తడి బిళ్ళ తీసి అతని అరచేతిలో పెట్టింది. దాని మీద అషీమ్ నెంబరు.

*ఆయన దీపం తిరిగి రాలేదు నాన్నా. వస్తే ఈ బిళ్ళ ఆయన దగ్గరుండేది. వాళ్ళు బిళ్ళలు తగిలించే బోర్డు మీద వెతకడానికి రాకముందే తీసి దాచాను.*

"ఇది చూపించి, కా... కాగితం మీద రాసిస్తే సరిపోదూ?"

*రెండుసార్లు రాసిచ్చాను. రెండుసార్లూ పోయిందన్నారు. ఇక్కడ చేరకముందు గని ఆఫీసుకి వెళ్ళి నోటితో చెప్పబోయాను. మూడు నిమిషాలు టైమిచ్చారు. ఆయన పేరు దగ్గరే మూడు నిమిషాలూ అయిపోయాయి. నవ్వారు. పైగా బిళ్ళ నేనే దొంగిలించానంటారు. అడిగినదానికల్లా అక్కడికక్కడ జవాబు చెప్పాలి.*

పేజీ తిప్పింది. ఈసారి నెమ్మదిగా రాసింది.

*అషీమ్ తాత ఎప్పుడూ నా మాట నా నోట్లోంచి లాక్కోలేదు. వెనక లైన్లో అందరూ తిడుతున్నా, దీపం పట్టుకుని, నేను 'జాగ్రత్త' అని పూర్తి చేసేదాకా నిలబడేవాడు. నాకు పదకొండు వారాలు అక్కర్లేదు. సోమవారం ఒక్క గంట చాలు.*

ఇషెనాలి చదివాడు. మళ్ళీ చదివాడు. అరచేతిలో బిళ్ళ వేడెక్కింది.

ఆమెకి తెలియని ముక్క ఒకటి ఉంది. అలా అనుకున్నాడతను.

కప్పు కూలిన మర్నాడు మేనేజరు అతన్ని గదిలోకి పిలిచాడు. టీ పోసిచ్చాడు. "ఇషెనాలి అన్నా, నువ్వు ఎక్కువ మాట్లాడవు గానీ నువ్వు చెబితే ఊరు నమ్ముతుంది" అన్నాడు. "అషీమ్ నిన్న నాలుగింటికే పైకొచ్చి వెళ్ళిపోయాడు. హాజరు పట్టీలో అలాగే ఉంది కదూ?" అలా లేదు. లేదు అనాలి. రెండక్షరాల మాట. ఇషెనాలి నోరు తెరిచాడు, నాలుక పళ్ళ వెనక అతుక్కుపోయింది. మేనేజరు కాసేపు చూసి, తల ఊపి, "నాకు తెలుసు, నీది ఊరికే అనే నోరు కాదు" అని కాగితం ముందుకు తోసి కలం చేతికిచ్చాడు. అప్పుడైనా కలం కింద పెట్టి లేచి రావచ్చు. ఎందుకు పెట్టలేదంటే అంతా అయిపోయినట్టు అనిపించింది, అప్పటికే ఒప్పేసుకున్నట్టు. చేతికి నత్తి లేదు. సంతకం ఒక్క గీతలో పడిపోయింది.

ఆ కాగితం మీదే తవ్వడం ఆపారు.

"సైరా" అన్నాడు. "సోమవారం వాళ్ళ ద... దగ్గర ఒక కాగితం ఉంటుంది. అషీమ్ పైకొచ్చాడని. దాని మీద..."

ఆమె చూస్తోంది.

"దాని మీద నే... నే..."

గొంతు బిగుసుకుంది. లోపల గాలి ఉంది, దారి లేదు. కళ్ళు మూతలు పడ్డాయి, తల ఒక పక్కకి లాక్కుపోయింది. ఇంత ఘోరంగా ఎప్పుడూ పట్టలేదు. స్టేషన్లో కూడా. క్షణాలు గడిచాయి. ఎదురుగా ఉన్న పిల్ల మాట అందించకుండా, కళ్ళు తిప్పుకోకుండా, ఆగి ఉంది. అలా ఆగడం ఆమెకి ఎవరు నేర్పారో ఇప్పుడతనికి తెలుసు.

"నే... నే..."

"నా... నా... నాన్నా, వద్దు."

గొంతు గట్టిగానే వినిపించింది. పది రోజులు వాడని గొంతు, బొంగురుపోయి ఉంది. ఇషెనాలి కళ్ళు తెరిచాడు.

"ఆ సం... సంతకం నాకు తె... తెలీదా? నేను ఆఫీసుకి వెళ్ళిన రోజు నా ముం... ముందే పెట్టారు ఆ కా... కాగితం. సం... సంతకం నీదని. అందులో రా... రాసింది అబద్ధమని. అ... అదే చెప్పాలి నేను. అందుకే, ఆ ఒ... ఒక్క గంటా మధ్యలో ఆ... ఆగిపోకుండా చె... చెప్పాలి. ఆగితే మళ్ళీ చె... చెప్పలేను."

చెప్పి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఏం చేసిందో ఆమెకి అప్పుడు తెలిసింది. పది రోజులు పోగేసుకున్నది ఒక్క గుక్కలో ఒలికిపోయింది.

బయట వసారాలో చెప్పుల చప్పుడు ఆగింది.

"ఎవరక్కడ?" మార్కోవిచ్ గొంతు. తలుపు తోసుకుని వచ్చాడు. దుప్పట్ల వరస మధ్యలోంచి ఇద్దరినీ చూశాడు. ఆయన మొహంలో వరండాలోని ముసలాడు లేడు. స్టేజి మీది మనిషి ఉన్నాడు. "ఎవరో మాట్లాడారు. ఆడగొంతు. రైసా వంటగదిలో ఉంది, నాకు వినపడుతూనే ఉంది." సైరాగుల్ వైపు చూడలేదు. మౌనంలో ఉన్నవాళ్ళని ఆయన ప్రశ్న అడగడు. "ఇషెనాలీ, నిన్నే అడుగుతున్నా. ఈ పిల్ల నోరు విప్పిందా?"

అవునంటే పేరు కొట్టేస్తాడు. రేపు స్టేజి లేదు. సోమవారం ఆ గదిలో మళ్ళీ మూడు నిమిషాలు, మళ్ళీ నవ్వులు. కాగితం అలాగే ఉంటుంది. ఇషెనాలి ముందు గొర్రె తలకాయ పెడుతూనే ఉంటారు. అషీమ్ కిందే ఉంటాడు. పైగా అవునన్నది నిజం కూడా. ఇన్నేళ్ళకి ఒక్క నిజం చెప్పినవాడవుతాడు.

కాదంటే రేపు ఆమె స్టేజి ఎక్కుతుంది. ఆ ముసలి వేలు పనిచేస్తే, సోమవారం ఊరంతా వింటుండగా తండ్రి పేరు చెబుతుంది.

ఊరుకోవచ్చు కూడా. ఊరుకుంటే ఎదుటివాళ్ళు తమకు తోచింది అనుకుని వెళ్ళిపోతారు. ఇంతవరకూ అలాగే జరిగింది.

సైరాగుల్ తండ్రి వైపు చూడకుండా తడిదుప్పటి అంచు పిండుతోంది. నీళ్ళు ఆమె పాదాల మీద పడుతున్నాయి.

"విప్పిందా, లేదా?" అన్నాడు మార్కోవిచ్.

ఇషెనాలి బకెట్టు మీదినుంచి లేచి, కూతురికీ డాక్టరుకీ మధ్య నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మొదటి అక్షరం దగ్గరే గొంతు బిగుసుకుంది. అతను దగ్గలేదు. పక్క మాట కోసం చూడలేదు. కళ్ళు మూసుకోకుండా, డాక్టరు మొహంలోకి చూస్తూ, ఆ బిగువు మీద భుజం పెట్టి నెట్టినట్టు, నెట్టడం మొదలుపెట్టాడు.